కలుపు మందు కొట్టేవాళ్లకి మగతనం తగ్గుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది

గట్టుమీద

అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

నా వయసు 34. పదకొండేళ్లుగా కలుపు మందులు కొడుతున్నాను. మా చేలోనూ కొడతాను, పిలిస్తే వేరేవాళ్ల చేలకీ వెళతాను. భుజాన వేసుకునే పంపుతోనే పని. ఎక్కువగా గ్లైఫోసేట్, 2,4-డి. కొన్నేళ్లు అట్రజిన్ కూడా కొట్టాను. సీజన్‌లో రోజు విడిచి రోజు, ఒక్కోసారి వరసగా రెండు వారాలు కొట్టిన సందర్భాలూ ఉన్నాయి.

పెళ్లయి నాలుగేళ్లు. రెండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం, కలగలేదు. అది ఒక బాధ. ఆరు నెలల నుంచి ఇంకోటి మొదలైంది. అంగం గట్టిపడుతుంది కానీ మధ్యలోనే మెత్తబడిపోతోంది. నాతో పనిచేసే ఒకతను "ఈ మందు గడ్డిని మాడ్చినట్టే మనల్నీ మాడుస్తుంది, పిల్లలు పుట్టరు" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. రాత్రి అయితే చాలు, అదే గుర్తొస్తోంది.

ఇది నిజమేనా? ఏ పరీక్షలు చేయించుకోవాలి? ఈ పని మానేస్తే మళ్లీ మామూలు అవుతానా?

పాతపంపు

తమ్ముడూ, ముందు ఇక్కడ రాసి మంచి పని చేశావు. నేను ముప్పై ఏళ్లు మందు కొట్టాను, ఇద్దరు పిల్లలు. అలాగని నీకేం కాదని చెప్పను. నాకు జరగలేదంటే నీకు జరగదని కాదు కదా. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తున్నాను. ఎవరైనా హార్మోన్ ఇంజెక్షన్ వేసుకో, వారంలో సర్దుకుంటుంది అంటే వేసుకోకు. ఎందుకో తీరిగ్గా రాస్తాను.

నిజంచెప్తా

నిజమే అన్నా, మందు వల్లే. వియత్నాం యుద్ధంలో అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం ఏమిటో తెలుసా? 2,4-డి. నువ్వు వీపున మోస్తున్నది అదే. ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన సైనికులకి తర్వాత ఎన్ని జబ్బులొచ్చాయో అందరికీ తెలుసు. మానేయ్, అంతే.

అగ్రిబీఎస్సీ

నిజంచెప్తా గారూ, మీరు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం చెప్పకపోతే ఈయన ఇంకా భయపడతాడు.

ఏజెంట్ ఆరెంజ్ 2,4-డి, 2,4,5-టి అనే రెండు మందుల మిశ్రమం, సగం సగం. అమెరికా సైన్యం 1962 నుంచి 1971 వరకు వియత్నాంలో కలుపు మందులు చల్లింది. అందులో అసలు విషం 2,4,5-టి తయారయ్యేటప్పుడు కల్తీగా చేరిన టీసీడీడీ అనే డయాక్సిన్. అది ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది. అందులో సగం బయటికి పోవడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. 2,4-డి అలా కాదు, ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే మూత్రంలో పోతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అలాగని 2,4-డికి సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. 1991లో అర్జెంటీనాలో ఈ మందు కొట్టే 32 మంది రైతుకూలీల వీర్యం పరీక్షిస్తే కదలిక లేని కణాలు, చనిపోయిన కణాలు, ఆకారం సరిగా లేని కణాలు మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపించాయి. 1999లో కెనడాలోని ఒంటారియోలో 97 మంది రైతుల వీర్యం చూస్తే దాదాపు సగం శాంపిళ్లలో 2,4-డి ఆనవాళ్లే దొరికాయి. అంటే ఒంట్లోకి పోయిన మందు అక్కడిదాకా చేరుతుంది. చేరి ఎంత చెడు చేస్తుందనేది వేరే ప్రశ్న.

గట్టుమీద

వీర్యంలో మందు దొరికిందా? చదివితేనే చేతులు వణుకుతున్నాయి సర్.

వైద్యమిత్ర

నేను యూరాలజీ డాక్టర్‌ని. మగవాళ్ల సంతాన సమస్యలు ఎక్కువగా చూస్తాను. గట్టుమీద గారూ, కాస్త నిదానంగా చదవండి.

మీరు రెండు వేర్వేరు సమస్యల్ని ఒకటిగా కలిపేసుకుంటున్నారు. పిల్లలు కలగకపోవడం ఒకటి, అంగస్తంభన నిలవకపోవడం ఇంకొకటి. మొదటిదానికి వీర్యకణాల సంఖ్య, కదలిక, ఆకారం ముఖ్యం. రెండోదానికి రక్తనాళాలు, నరాలు, హార్మోన్లు, మనసు కావాలి. కౌంట్ సున్నా ఉన్న మనిషికి కూడా స్తంభన చక్కగా ఉండొచ్చు. స్తంభన అసలు లేని మనిషికి కౌంట్ బాగుండొచ్చు. "మగతనం" అనే ఒక్క మాటలో రెండూ పడేయడం వల్లే నా దగ్గరికి వచ్చేవాళ్లు సగం మంది అనవసరంగా కుంగిపోతున్నారు.

రసాయనాల వల్ల వీర్యకణాలు దెబ్బతింటాయనడానికి బలమైన రుజువు ఉంది. అందరూ చెప్పుకునే ఉదాహరణ డీబీసీపీ. అది కలుపు మందు కాదు, నేలలో నులిపురుగుల్ని చంపే మందు. 1977లో కాలిఫోర్నియాలో ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని వాళ్లంతట వాళ్లే గమనించారు. పరీక్ష చేస్తే కొందరికి కౌంట్ బాగా తక్కువ, కొందరికి అసలు కణాలే లేవు. 1979లో అమెరికాలో దాని వాడకం దాదాపు పూర్తిగా ఆపేశారు. పని మానేశాక కౌంట్ తక్కువగా ఉన్నవాళ్లలో చాలామంది కోలుకున్నారు. కణాలు పూర్తిగా పోయినవాళ్లలో ఎక్కువమంది కోలుకోలేదు. అందుకే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోమంటాను.

అంగస్తంభన విషయంలో రుజువు అంత బలంగా లేదు, కానీ ఉంది. 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక నివేదిక వచ్చింది. ఒకే చోట పనిచేసే ఐదుగురు వ్యవసాయ కార్మికుల్లో నలుగురికి స్తంభన పోయింది. వాళ్లు రకరకాల పురుగు మందులు, కలుపు మందులు వాడేవాళ్లు. మందులకి దూరంగా ఉంచి, హార్మోన్ చికిత్స ఇస్తే బాగుపడ్డారు. 2002లో అర్జెంటీనా నుంచి వచ్చిన అధ్యయనంలో కూడా స్తంభన సమస్యతో వచ్చినవాళ్లకీ, పురుగు మందుల పనికీ లంకె కనిపించింది. కానీ ఇవి చిన్నవి. ఫలానా కలుపు మందు వల్లే స్తంభన పోతుందని వీటిని పట్టుకుని నేను చెప్పలేను.

ఇప్పుడు మీరు చెప్పాల్సింది ఒకటుంది. పొద్దున్నే నిద్ర లేచేసరికి అంగం గట్టిగా ఉంటోందా?

గట్టుమీద

ఉంటోంది డాక్టర్ గారూ. దాదాపు రోజూ.

వైద్యమిత్ర

అది చాలా మంచి సూచన. రక్తనాళాలు, నరాలు, హార్మోన్లు పెద్దగా దెబ్బతినలేదని దానర్థం. పైగా మీతో పనిచేసే అతని మాట బుర్రలోంచి పోవడం లేదని, రాత్రి అయితే అదే గుర్తొస్తోందని మీరే రాశారు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది అంగంలోకి రక్తం తెచ్చే నాళాల్ని బిగిస్తుంది. మధ్యలో "మళ్లీ పోతుందేమో" అనుకోగానే పోయేది అందుకే. మీరు బలహీనులని కాదు, ఒళ్లు తన పని తాను చేస్తోంది.

అయినా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం. అందుకని నాళాల జబ్బు ఉంటే అక్కడే ముందు బయటపడుతుంది. కొంతమందిలో గుండె సమస్యకి కొన్నేళ్ల ముందే స్తంభన తగ్గుతుంది.

పట్టాలపక్కన

డాక్టర్ గారు ఇప్పుడు రాసింది నా కథే. రైలు పట్టాల వెంట కలుపు కొట్టే కాంట్రాక్టు పని నాది. వయసు 46. రెండేళ్లు స్తంభన లేదు. మందు వల్లే అనుకుని పని మానేశాను, ఇంట్లో గొడవలయ్యాయి, డబ్బుకి ఇబ్బంది పడ్డాను. తీరా వేరే జబ్బుకి రక్త పరీక్ష చేస్తే షుగర్ బయటపడింది, ఎప్పటి నుంచి ఉందో ఎవరికి తెలుసు. ఆ రెండేళ్లు షుగర్‌కి మందు వేసుకుని ఉంటే ఎంత బాగుండేదో. కలుపు మందు మీద కోపంతో నేను అసలు జబ్బు వైపు చూడనే లేదు.

నిజంచెప్తా

అన్నా, మీకు షుగర్ అయ్యుండొచ్చు. కానీ ఏజెంట్ ఆరెంజ్ తగిలిన సైనికులకి వచ్చిన షుగర్‌ని అమెరికా ప్రభుత్వమే ఆ మందు వల్ల వచ్చినట్టు పరిగణించి పరిహారం ఇస్తోంది. షుగర్ వస్తే స్తంభన పోతుంది. అంటే మందుకీ దీనికీ సంబంధం లేదని ఎలా అంటాం?

వైద్యమిత్ర

మీరన్నది నిజం. 2001 నుంచి ఆ సైనికుల టైప్ 2 డయాబెటిస్‌ని పరిహారం ఇచ్చే జబ్బుల జాబితాలో పెట్టారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా అందులో ఉంది. అక్కడ కూడా ప్రధానంగా అనుమానం డయాక్సిన్ మీదే. మందుకీ ఆరోగ్యానికీ సంబంధం లేదని నేను అనడం లేదు. కారణం ఏదైనా షుగర్‌ని షుగర్‌గా చూసి వైద్యం చేయాలి. పట్టాలపక్కన గారు నష్టపోయింది అక్కడే.

అగ్రిబీఎస్సీ

గ్లైఫోసేట్ గురించి ఎవరూ రాయలేదు. అందరూ ఎక్కువగా వాడేది అదే కాబట్టి చెప్తాను.

మొక్కల్లో షికిమేట్ మార్గం అని ఒకటుంది. కొన్ని అమైనో ఆమ్లాలు దాని ద్వారానే తయారవుతాయి. గ్లైఫోసేట్ ఆ మార్గాన్ని మూసేస్తుంది, మొక్క చనిపోతుంది. మనుషులకి ఆ మార్గమే లేదు. 1974లో మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి ఇది మనుషులకి సురక్షితం అనేవాళ్లు ఈ కారణమే చెప్తారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే నమ్మాను. కానీ డబ్బాలో ఉండేది గ్లైఫోసేట్ ఒక్కటే కాదు. ఆకుకి అంటుకోడానికి, లోపలికి దిగడానికి సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. ఒక్కోసారి వాటి విషమే అసలు మందు కంటే ఎక్కువ.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్‌ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది. మరోవైపు యూరోపియన్ యూనియన్ 2023లో ఇంకో పదేళ్లు అనుమతి ఇచ్చింది. 2024లో ఫ్రాన్స్‌లో సంతాన సమస్యలున్న మగవాళ్లని పరీక్షిస్తే సగం మందికి పైగా గ్లైఫోసేట్ కనిపించింది. రక్తంలో కంటే వీర్యద్రవంలోనే ఎక్కువ ఉంది. అయితే అది ఎక్కువ ఉన్నవాళ్లకి కౌంట్ తక్కువ ఉందని మాత్రం తేలలేదు. ఈ రెండో వాక్యం వదిలేసి మొదటిది ఒక్కటే ఫోన్లలో తిరుగుతోంది.

వెన్నెలవాకిలి

అట్రజిన్ సంగతి కూడా చెప్పండి. మా ఆయన కొన్నేళ్లు కొట్టారు.

అగ్రిబీఎస్సీ

చెప్తాను అక్కా. టైరోన్ హేస్ అనే అమెరికా శాస్త్రవేత్త కప్పల మీద చేసిన పని వల్ల అట్రజిన్ పేరు బయటికొచ్చింది. 2010లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగంలో చాలా తక్కువ మోతాదులో అట్రజిన్ ఉన్న నీళ్లలో పెరిగిన మగ కప్పల్లో పదింట ఒకటి పూర్తిగా ఆడ కప్పగా మారి గుడ్లు కూడా పెట్టింది. మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చే ఎంజైమ్‌ని ఇది పెంచుతుందని ఆయన వాదన. దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. కప్ప చర్మం వేరు, మన చర్మం వేరు, కాబట్టి నేరుగా మనకి అంటగట్టలేం.

మనుషుల మీద చేసింది ఒకటుంది. 2003లో అమెరికాలోని మిస్సోరీలో షానా స్వాన్ బృందం మగవాళ్ల మూత్రం, వీర్యం రెండూ పరీక్షించింది. వీర్యం నాణ్యత తక్కువ ఉన్నవాళ్ల మూత్రంలో అలాక్లోర్, అట్రజిన్ అనే రెండు కలుపు మందుల ఆనవాళ్లు, డయాజినాన్ అనే పురుగు మందు ఆనవాళ్లు ఎక్కువగా ఉన్నాయి. వాళ్లేమీ మందు కొట్టేవాళ్లు కాదు, మామూలు జనం. భూగర్భ జలాల్లో చేరుతోందని యూరోపియన్ యూనియన్ 2004లో అట్రజిన్‌కి అనుమతి నిరాకరించింది.

గట్టుమీద

ఇవన్నీ చదివాక నాకొకటి అర్థమైంది. మందు లోపలికి పోకుండా చూసుకోవాలి. నేను మాస్కు కట్టుకుంటాను. అది సరిపోదా?

వైద్యమిత్ర

సరిపోదు. ఈ మాట మాత్రం పెద్దక్షరాల్లో రాయాలనిపిస్తోంది. మందు కొట్టేవాళ్లకి ఎక్కువ భాగం లోపలికి పోయేది ముక్కు ద్వారా కాదు, చర్మం ద్వారా.

1971లో ప్రచురించిన ఒక ప్రయోగం చెప్తాను. పారాథియాన్ అనే పురుగు మందుని మనుషుల ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద రాస్తే దాదాపు 9 శాతం ఇంకింది. అరచేతిలో 12 శాతం. నుదుటి మీద 36. చంకలో 64. వృషణాల సంచి మీద రాసింది దాదాపు మొత్తం, నూటికి నూరు శాతం లోపలికి పోయింది. అది కలుపు మందు కాదు, ప్రతి మందూ అంతే ఇంకదు. కానీ ఒంట్లో అన్నిటికంటే పలచని తలుపు ఎక్కడుందో ఆ అంకెలు చెప్తాయి.

మీ పంపు కారుతుందా?

గట్టుమీద

కారుతుంది సర్. మూత దగ్గర వాషరు పోయి ఏడాది దాటింది. వంగినప్పుడల్లా వీపు మీద నుంచి నడుం కిందికి దిగుతుంది. సాయంత్రానికి లోదుస్తులు తడిసే ఉంటాయి. చెమట అనుకునేవాణ్ని. పదకొండేళ్లలో ఇలా ఎన్ని రోజులో.

పాతపంపు

తమ్ముడూ, వాషరు ఈరోజే మార్చు. అది మార్చకుండా పంపు భుజాన వేయకు. మా కాలంలోనూ అంతే, కారుతుంటే గుడ్డ ముక్క చుట్టి కొట్టేసేవాళ్లం. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మందు కలిపిన చేత్తో మూత్రానికి వెళ్లకూడదు. వెళ్లొచ్చాక కాదు, వెళ్లే ముందే చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి. మేమెప్పుడూ తర్వాతే కడుక్కున్నాం.

అగ్రిబీఎస్సీ

పాతపంపు గారు చెప్పింది బంగారం. దానికి కొంచెం కలుపుతాను.

అన్నిటికంటే ప్రమాదం కొట్టేటప్పుడు కాదు, డబ్బాలోంచి చిక్కటి మందు కొలిచి కలిపేటప్పుడు. ఆ ఐదు నిమిషాలు గ్లౌజులు లేకుండా చేసి తర్వాత రోజంతా వేసుకుంటే ఏం లాభం. గ్లౌజులు నైట్రైల్ అనే రబ్బరువి కావాలి. నూలువి, తోలువి మందుని పీల్చుకుని చేతికే పట్టి ఉంచుతాయి, అవి వేసుకోవడం కంటే లేకపోవడమే నయం అనిపిస్తుంది నాకు. ప్యాంటు బూట్ల లోపలికి దోపకూడదు, పైన వేలాడాలి, లేకపోతే కారింది బూట్లలోకే పోతుంది. నడుం చుట్టూ ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకుంటే తొడలు, మధ్యభాగం తడవవు. పంపు వీపుకి ఆనే చోట కూడా ఒక ప్లాస్టిక్ షీటు వేసుకోండి. గాలికి ఎదురుగా నడవొద్దు, కొట్టిన చోటులోకి నడవొద్దు, వెనక్కి జరుగుతూ కొట్టడం నేర్చుకోండి.

తడిస్తే సాయంత్రం దాకా ఆగొద్దు. అప్పుడే బట్టలు మార్చి సబ్బుతో కడుక్కోవాలి. మార్చుకోడానికి ఒక జత, నీళ్ల క్యాన్, సబ్బు చేలోనే పెట్టుకోండి.

వెన్నెలవాకిలి

ఆ బట్టలు ఉతికేది ఎవరో కూడా ఆలోచించండి. మా ఇంట్లో నేనే. ఏళ్ల తరబడి ఆయన మందు బట్టలు మిగతా బట్టలతో కలిపి, ఉత్త చేతులతో ఉతికాను. ఇప్పుడు విడిగా, గ్లౌజులు వేసుకుని, వేడినీళ్లతో, సబ్బు ఎక్కువ వేసి ఉతుకుతున్నాను. ఆ తర్వాత బకెట్ కూడా కడుగుతాను.

గట్టుమీద తమ్ముడూ, ఒక అక్కగా చెప్తున్నాను. నీ భార్యకి చెప్పు. మా ఆయన ఎనిమిది నెలలు దాచారు. నా మీద ఇష్టం పోయిందేమో అనుకుని నేను లోపల్లోపల ఏడ్చాను. ఆయన ఏమో నేను చులకనగా చూస్తానని భయపడ్డారు. చెప్పిన రోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి కలిసే వెళ్లాం.

(ఈ పోస్టు తొలగించబడింది)

మోడరేటర్

"విషం కడిగేసే పొడి, 21 రోజుల్లో మగతనం" అని ఫోన్ నంబరుతో పెట్టిన పోస్టు తీసేశాం. ఒంట్లోంచి కలుపు మందుని లాగేసే పొడి అంటూ అమ్మే దేన్నీ ఇక్కడ ప్రచారం చేయనివ్వం. దయచేసి ఎవరూ ఆ నంబరుకి ఫోన్ చేయకండి.

పాతపంపు

మంచి పని చేశారు. ఇంజెక్షన్ సంగతి చెప్తానన్నాను కదా. మా తమ్ముడి కథ. వాడికీ పిల్లలు కలగలేదు, నీరసంగా ఉంటున్నాడని ఎవరో చెప్తే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఒంట్లో బలం వచ్చింది, కోరికా పెరిగింది, సంతోషించాడు. ఏడాది తర్వాత సంతానం కోసం పరీక్ష చేస్తే వీర్యంలో ఒక్క కణం లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన చోట పిల్లలు కావాలా అని ఒక్కసారి కూడా అడగలేదట. ఆపేశాక మళ్లీ కణాలు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర వాడి మొహం చూడలేకపోయేవాళ్లం.

వైద్యమిత్ర

ఇది అందరూ తెలుసుకోవాలి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే మెదడు "ఇక చాలు" అనుకుని వృషణాలకి పంపే సంకేతాలు ఆపేస్తుంది. లోపల వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు అది వాడకూడదు. నిజంగా హార్మోన్ తక్కువ ఉందో లేదో కూడా ఒక్క పరీక్షతో తేల్చకూడదు. ఉదయం పూట, రెండు వేర్వేరు రోజుల్లో చూడాలి.

గట్టుమీద గారూ, వీర్య పరీక్షకి ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండా ఎడం ఉంచి వెళ్లండి. డాక్టర్ చేత్తో పరీక్ష కూడా చేయించుకోండి, సిగ్గుపడొద్దు. మీ భార్యని కూడా పరీక్షించాలి. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కారణం ఉంటుంది, అంటే ఒక్కరినే చూసి ఆగిపోకూడదు. పురుగు మందుల పనివాళ్లకి చేసే కోలినెస్టరేజ్ రక్త పరీక్ష మీకు పనికిరాదు. అది ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగు మందుల కోసం. కలుపు మందు గురించి ఏమీ చెప్పదు. దాని కోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

గట్టుమీద

(పది రోజుల తర్వాత)

రిపోర్టులు వచ్చాయి. కౌంట్ మిల్లీలీటరుకి 90 లక్షలు. ముందుకు కదిలేవి 18 శాతం. షుగర్, బీపీ మామూలే. టెస్టోస్టిరాన్ మామూలే, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలకి మెదడు నుంచి వచ్చే హార్మోన్ అట) కూడా మామూలే అన్నారు. డాక్టర్ చేత్తో చూసి ఎడమవైపు వేరికోసీల్ ఉందన్నారు. అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయట. నా భార్య పరీక్షలు బాగానే ఉన్నాయి. కౌంట్ అంకె చూసి నాకు కాళ్లు ఆడలేదు. తను మాత్రం "90 లక్షలంటే తక్కువేం కాదు కదా" అంది. అవును, తనకి అంతా చెప్పాను. ఆ రాత్రే.

వైద్యమిత్ర

చెప్పినందుకు చాలా సంతోషం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకి 1.6 కోట్లు, ముందుకు కదిలేవి 30 శాతం. మీవి అంతకంటే తక్కువ, కానీ సున్నాకి చాలా దూరం. ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా ఉండటం మంచిది. డీబీసీపీ కార్మికుల్లో బాగా దెబ్బతిన్నవాళ్లకి అది పెరిగిపోయింది, వృషణాలు స్పందించడం లేదని మెదడు గట్టిగా అరిచినట్టు అన్నమాట.

వేరికోసీల్ మామూలు మగవాళ్లలోనే నూటికి సుమారు 15 మందికి ఉంటుంది, సంతాన సమస్యతో వచ్చేవాళ్లలో అంతకంటే ఎక్కువ. వృషణాల దగ్గర వేడి పెరిగి కౌంట్ తగ్గుతుంది. కాబట్టి మీ 90 లక్షలకి కారణం మందా, ఆ ఉబ్బిన నాళాలా, రెండూనా అని విడదీసి ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనేవాళ్లని నమ్మకండి. రెండింటికీ చేయగలిగిన పని ఉంది కాబట్టి రెండూ చేద్దాం.

ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు, ఆపైన బయటికొచ్చే దారిలో మరో రెండు వారాలు. ఈరోజు మీరు జాగ్రత్త మొదలుపెడితే దాని ఫలితం మూడు నెలల తర్వాతే కనిపిస్తుంది. వచ్చే వారం మళ్లీ పరీక్ష చేయించుకుని కుంగిపోకండి.

నిజంచెప్తా

తమ్ముడూ, మొదట నేను రాసిన తీరుకి సారీ. నిన్ను భయపెట్టాలని కాదు. మా నాన్న మందు కొట్టి కొట్టి జబ్బుపడ్డాడు, ఆ కోపంలో రాశాను. ఈ మూడు నెలలు పంపు పట్టకుండా ఉండగలవా? గొర్రుతో, చేత్తో కలుపు తీసే పనికి వెళితే కూలి తగ్గుతుందేమో కానీ చూడు.

గట్టుమీద

అయ్యో, సారీ ఎందుకన్నా. పూర్తిగా మానడం కష్టం, ఇల్లు దాని మీదే నడుస్తోంది. వేరేవాళ్ల చేలకి కొట్టడం ఆపేశాను. మా చేలో మటుకు వాషరు మార్చి, ఏప్రాన్ కట్టుకుని కొడుతున్నాను. మిగతాది చేత్తోనే తీస్తున్నాం, తనూ వస్తోంది.

గట్టుమీద

(మూడున్నర నెలల తర్వాత)

రెండో రిపోర్టు. మిల్లీలీటరుకి 1.4 కోట్లు, ముందుకు కదిలేవి 27 శాతం. స్తంభన సమస్య రెండో నెల నుంచే లేదు. మందులేమీ వాడలేదు. తనకి చెప్పాక భయం తగ్గింది, అంతే.

మందు తగ్గించడం వల్లే కౌంట్ పెరిగిందా సర్?

వైద్యమిత్ర

అయ్యుండొచ్చు. వీర్య పరీక్ష అంకెలు ఒకే మనిషిలో కూడా ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ బాగా మారుతుంటాయి. అందుకని ఒక్క రిపోర్టు చూసి ఖాయంగా చెప్పలేను. దారి మాత్రం సరైనదే. ఇంకో మూడు నెలలు ఇలాగే ఉండండి. మూడో రిపోర్టు చూశాక వేరికోసీల్‌కి ఆపరేషన్ అవసరమా లేదా అని మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఈలోగా సహజంగా గర్భం వచ్చే అవకాశం లేకపోలేదు, ప్రయత్నం ఆపకండి.

పట్టాలపక్కన

తమ్ముడూ, చాలా సంతోషం. నాది చిన్న ప్రశ్న. మళ్లీ పనిలో చేరుతున్నాను. మాకు పంపు కాదు, బండి మీద ట్యాంకు. పైపు పట్టుకుని నడుస్తాం. కలిపేది వేరే మనిషి. నైట్రైల్ గ్లౌజులు ఎన్ని రోజులకి మార్చాలి?

అగ్రిబీఎస్సీ

పలచటివి ఒక్కపూటకే అన్నా, తీశాక మళ్లీ వాడొద్దు. మందంగా ఉండేవైతే రోజూ తీసే ముందే, చేతికి ఉండగానే సబ్బుతో కడగండి. లోపల ఎప్పుడైనా తడి తగిలినా, చిల్లు కనిపించినా, గట్టిపడినా ఆ రోజే పారేయండి. కలిపే అతనికి కూడా ఒక జత ఇప్పించండి, చిక్కటి మందు పట్టుకునేది ఆయనే కదా.